ఒక్క టిక్కు: నవల డైరీ

జనవరి 19, 2025, ఆదివారం

నాలుగేళ్లుగా "రాస్తున్నా" అని అందరికీ చెప్తూ వచ్చిన నవలలో ఇవాళ నిజంగా మొదటి వాక్యం పడింది. పొద్దున ఐదింటికి లేచి టీ పెట్టుకుని కూర్చుంటే, ఏడింటికి పాప లేచేలోపు నాలుగొందల పన్నెండు మాటలయ్యాయి. అందులో అరగంట ఎన్ని మాటలయ్యాయో చూసుకోవడానికే పోయింది.

మొత్తం అరవై వేల మాటలు అనుకుంటున్నా. రోజుకు మూడొందలు రాసినా సెలవులూ జ్వరాలూ పోను తొమ్మిది పది నెలలు పడుతుంది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకుంటూ ఇంతకన్నా వేగం నా వల్ల కాదు. రాసేది ఫోన్‌లో, గూగుల్ డాక్స్‌లో. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు వాడుతున్నా. "దుఃఖం" అని కొట్టిన ప్రతిసారీ అది విసర్గ మింగేస్తోంది.

కథ ఇదీ. హనుమకొండ పొలిమేరలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ (నేను కల్పించిందే), అందులో లేడీస్ హాస్టల్, రూమ్ నంబర్ 214. సంధ్య సెకండియర్. ఆమె తమ్ముడు 2023 జూన్ 9న హైదరాబాద్ నుంచి బైక్ మీద వస్తూ, జనగామ దాటాక హైవే మీద చనిపోయాడు. సంధ్యకు అప్పటికే బైపోలార్ (మనసు కొన్నాళ్లు పట్టరాని హుషారుకూ, కొన్నాళ్లు దిగులుకూ ఊగే జబ్బు) ఉంది, దానికి ఫస్టియర్ నుంచి లిథియం టాబ్లెట్లు వాడుతోంది. కర్మ అయ్యాక హాస్టల్‌కు వచ్చింది. అక్కణ్నుంచి వింతలు మొదలు. చివర్లో ట్విస్టు: ఆమెకు ధైర్యం చెప్తూ వచ్చిన రూమ్మేట్ కవిత అసలు లేనే లేదు, అంతా సంధ్య ఊహ.

ట్విస్టు తలుచుకుంటే నాకే ఒళ్లు జలదరిస్తోంది.

ఫిబ్రవరి 8, శనివారం

9,400 మాటలు. పట్టున్న సీను ఒకటి దొరికింది.

సంధ్య రోజూ రాత్రి పదింటికి తమ్ముడి నంబర్‌కు వాట్సాప్‌లో "తిన్నవారా?" అని పంపుతుంది. వాడు బతికున్నప్పటి అలవాటు. వాడి ఫోన్ ఆ రోజే నుజ్జయిపోయింది కాబట్టి ప్రతి మెసేజ్ కిందా ఒక్క టిక్కే. స్క్రీన్ ఎంత పైకి జరిపినా అదే మాట, అదే ఒక్క టిక్కు. ఒక రాత్రి అలాగే పంపి ఫోన్ దిండు కింద పెట్టబోతుంటే రెండో టిక్కు పడుతుంది. పాతవన్నీ అలాగే ఉన్నాయి. ఆ రాత్రి పంపినదానికి మాత్రం రెండు.

వాడి నంబర్ వేరేవాళ్లకు ఇచ్చేశారు, అంతే. దయ్యం లేదు, భ్రమ లేదు. కానీ అది సంధ్యకూ పాఠకుడికీ చాలా సేపటిదాకా తెలియదు.

అయితే నేను ఈ సీను నలభయ్యో రోజున పెట్టాను. మా కాలేజీ ఎదురుగా రీచార్జ్ షాపు అబ్బాయిని మాటవరసకు అడిగితే నవ్వాడు. "అంత జల్దీ ఇయ్యరు మేడమ్." ఇంటికొచ్చి చూస్తే అతను చెప్పిందే నిజం. ప్రీపెయిడ్ నంబర్ తొంభై రోజులు వాడకపోతే, అందులో ఇరవై రూపాయలు కూడా లేకపోతే కట్ చేయొచ్చు. కట్ చేశాక ఇంకో తొంభై రోజులు ఎవరికీ ఇవ్వకూడదు. 2023లో ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) సుప్రీంకోర్టుకు చెప్పింది కూడా ఇదే. జూన్ 9 నుంచి క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. ఎంత తొందరగా అనుకున్నా డిసెంబర్ మొదటి వారం.

సీను జనవరికి జరిగింది. వానలన్నీ తీసేసి మంచు పెట్టాను. తడిసిన గొడుగు వరండాలో ఆరేసే పేరా ఒకటి బాగా కుదిరింది, అదీ పోయింది. ఒక లాభం మాత్రం ఉంది. జనవరి తర్వాత ఫిబ్రవరి, 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. వరంగల్ చుట్టుపక్కల ఆ నాలుగు రోజులు ఎవరింట్లో చూసినా బంగారం (బెల్లమే లెండి) తూకం, బస్సుల గోల. హాస్టల్ మొత్తం ఖాళీ అవుతుంది. ఖాళీ హాస్టల్లో ఒక్కతే సంధ్య, దూరంగా కాజీపేట వైపు రైలు కూత. థ్రిల్లర్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

మార్చి 2, ఆదివారం

ట్విస్టు పోయింది.

మా అక్క స్నేహితురాలు సైకియాట్రిస్టు. మొదటి ఆరు అధ్యాయాలు, చివరి అధ్యాయం సారాంశం ఆమెకిచ్చాను. భోజనానికి పిలిచి, పప్పుచారు వడ్డిస్తూ అంది: "నెలల తరబడి పక్క మంచం మీద పడుకుని, నోట్స్ రాసిచ్చి, మెస్‌లో తోడు కూర్చునే నిలువెత్తు మనిషి నా ఓపీలో ఇంతవరకు ఎవరికీ కనబడలేదమ్మా. మీ రచయితలకే కనబడతారు." అసలు జబ్బులో గొంతులు వినబడటమే ఎక్కువట, మనుషులు కనబడటం తక్కువ. పైగా బైపోలార్ అంటే ఇది కాదు. మందు సరిగ్గా వాడుకునే బైపోలార్ మనిషి నెలలు, ఏళ్లు మనలాగే పరీక్షలు రాసుకుంటూ, మెస్ సాంబారును తిట్టుకుంటూ ఉంటుంది.

నేను పట్టుబట్టాను. తమ్ముడి గొంతు వినబడే సీన్లైనా ఉండాలి కదా, అది జబ్బు ముదురుతోందని చెప్పడానికి? ఆమె గరిటె పక్కన పెట్టింది. "అది జబ్బని ఎవరన్నారు?" 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రీస్ అనే డాక్టర్ రాసిన వ్యాసం సంగతి చెప్పింది. వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని ఆయన అడిగితే, దాదాపు సగం మంది పోయినవాళ్లు దగ్గరున్నట్టు అనిపించిందనో, కనబడ్డారనో, వినబడ్డారనో చెప్పారట. చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. పిచ్చి అంటారని.

బస్సులో వస్తుంటే నానమ్మ గుర్తొచ్చింది. తాతయ్య పోయిన ఏడాది, సాయంత్రం పూట ఆమె వంటింట్లోంచి "ఆ, వస్తున్నా" అనేది. ఎవరూ పిలిచేవాళ్లు కాదు. తాతయ్య వాకిట్లో నులకమంచం మీద కూర్చుని దగ్గి, టీ అడిగే వేళ అది. ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అమ్మ వెళ్లి ఆమె చేతిలో ఒక గ్లాసు టీ పెట్టేది. ఆమె అది తాగేసేది.

నానమ్మకు టీ దొరికింది. సంధ్య దగ్గర టాబ్లెట్ స్ట్రిప్ ఉంది కాబట్టి ఆమెకు దొరకదు. ఇదే మాట మందుల చీటీ లేనివాళ్లు చెప్తే బాధ, ఉన్నవాళ్లు చెప్తే జబ్బు లక్షణం.

మార్చి 16

17,000 మాటల్లో 11,000 తీసేశాను. ఫైలు పేరు "పాతది, తెరవకు" అని పెట్టాను. రోజుకోసారి తెరుస్తున్నా.

కవిత బతికింది. ఇప్పుడు ఆమె నిజం మనిషి, మంచిర్యాల అమ్మాయి, గురక పెడుతుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

మా ఆయన అడిగాడు, నీకీ కథే ఎందుకని. సమాధానం చెప్పకుండా గిన్నెలు కడిగాను. ఇక్కడ రాసుకుంటా.

నేను బీటెక్ చదివేటప్పుడు, 2010లో, మా రూములో నలుగురం. అందులో ఒకమ్మాయి (పేరు రాయను) రెండు మూడు వారాలుగా చెప్తోంది, "నా అల్మారా ఎవరో తీస్తున్నరే" అని. డబ్బులు పోతున్నాయంది. బట్టలు తను మడిచినట్టు లేవంది. మేం నవ్వాం. తర్వాత ఒకరోజు వార్డెన్ రూములు చెక్ చేస్తూ ఆమె పుస్తకాల వెనక టాబ్లెట్ స్ట్రిప్పులు చూసింది. పేరు కాగితం మీద రాసుకుని కింద మందుల షాపులో అడిగొచ్చింది. అంతే. సాయంత్రానికి హాస్టల్లో అందరికీ తెలిసిపోయింది. అల్మారా మాట ఆమె ఇంకోసారి ఎత్తితే ఒకమ్మాయి ఏమందో నాకు బాగా గుర్తుంది: "టాబ్లెట్ వేసుకున్నావా ఇవాళ?"

వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు. ఇనప ట్రంకుపెట్టె ఆటోలో పట్టక డ్రైవరు కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. రెండు నెలల తర్వాత అల్మారాలు తీసే మనిషి దొరికింది. మా ఫ్లోరే. నాలుగు రూముల్లో తీసింది, మారు తాళంచెవులు చేయించుకుని. ఎవరం ఆ అమ్మాయికి ఫోన్ చేయలేదు.

ఆ "టాబ్లెట్ వేసుకున్నావా" అన్నది నేనే.

నవలలో భయం సంధ్య మనసులో పెట్టకూడదు. చుట్టూ ఉన్న మా మొహాల్లో పెట్టాలి. రెండు టిక్కులు పడటం కాదు భయపెట్టేది. పరుగెత్తుకెళ్లి కవితకు చూపిస్తే కవిత ఫోన్ వైపు చూడకుండా సంధ్య కళ్లలోకి చూస్తుందే, అది.

మే 18, ఆదివారం

31,000. ఎండ మండిపోతోంది. కూలర్ నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి.

విలన్ కోసం నెల రోజులు తంటాలు పడ్డాను. ఎవరో సంధ్య టాబ్లెట్లు మార్చేస్తారు, ఆమె చేతులు వణుకుతాయి, తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, తాగొచ్చిందని వార్డెన్ అనుకుంటుంది. రాశాను కూడా. డాక్టరమ్మ ఫోన్‌లో విని, "విలన్ ఎందుకు, ఏప్రిల్ నెల చాలదా?" అంది.

లిథియం సంగతి ఇదట. రక్తంలో అది సుమారు 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలి. అందుకే మధ్య మధ్య రక్తపరీక్ష, ముందు రోజు రాత్రి టాబ్లెట్ వేసుకున్న పన్నెండు గంటలకు. 1.5 దాటితే ఒంట్లో తేడా మొదలవుతుంది. ఎండకు ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు విరేచనాలైనా అది పెరుగుతుంది. బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకున్నా పెరుగుతుంది. మామూలుగా చేతివేళ్లు కాస్త వణకడం లిథియంతో చాలామందికి ఉండేదే. కానీ పెద్దగా వణికి, వాంతులై, నడక తప్పితే ఆస్పత్రికి పరుగెత్తాలి.

అంటే నాకు కావాల్సిందల్లా నెలసరి నొప్పి, సెమిస్టర్ పరీక్షలు, హాస్టల్లో నీళ్ల కరువు, ప్రేమగా ఒక మాత్ర ఇచ్చే స్నేహితురాలు. కవితే ఇస్తుంది. రోజుకు రెండు చొప్పున నాలుగు రోజులు. ఎవరికీ దురుద్దేశం లేదు. నలుగురూ ఆమె తూలడం చూసి తలో కారణం చెప్తారు. ప్రేమ విఫలమంటుంది ఒకతె, మత్తుమందంటుంది ఇంకొకతె, ఆయా గాలి సోకిందంటుంది. ఆమె కాళ్లు తడబడుతూ మెట్లు దిగే సీను ఒక్క ఆదివారంలో అయిపోయింది, పదిహేను వందల మాటలు. ఇంత హాయిగా ఈ ఏడాది ఏదీ రాయలేదు.

(రాస్తుంటే నాక్కూడా తలనొప్పి వచ్చింది. అలవాటుగా బ్రూఫెన్ స్ట్రిప్ తీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నా.)

జూన్

పేపర్లు దిద్దడం. సున్నా.

జూలై 27, ఆదివారం

38,200. మొన్న 25న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని కేసు అది. కేసును సీబీఐకి ఇస్తూనే, విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చారు. అందులో ఒకటి: వంద మందీ అంతకు మించీ విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలి.

ఇది చదివాక నా పన్నెండో అధ్యాయం మళ్లీ తీశాను. అక్కడ "కౌన్సెలింగ్ సెల్" అని బోర్డున్న గది ఉంది. దానికి తాళం. సంధ్య కిటికీలోంచి చూస్తే లోపల పాత జవాబు పత్రాల కట్టలు, విరిగిన క్యారమ్ బోర్డు. కథ 2024లో జరుగుతోంది కాబట్టి ఆ తాళం ఉండనిచ్చాను. ఇప్పుడు కాలేజీల్లో ఎన్ని తాళాలు తీస్తారో, ఎన్ని బోర్డులు కొత్తగా రాయిస్తారో నవల అచ్చయ్యేలోపు చూస్తాం.

చట్టం పుస్తకంలోంచి ఇంకోటి పనికొచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మైనరు కాని ఎవరైనా తన తరఫున మాట్లాడే మనిషిని ముందే ఎంచుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. సంధ్యకు పంతొమ్మిదేళ్లు. నా వార్డెన్ ప్రతిదానికీ "మీ నాన్నను పిలుస్తా" అంటుంది. సంధ్య రికార్డు పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి కవిత పేరు రాస్తుంది. మాత్ర ఇచ్చిన కవిత పేరు. ఈ కాగితం సీను మేడారం రోజుల్లో పెట్టాలా, ఆస్పత్రి తర్వాతా? తర్వాతే. తప్పు చేసినట్టు తెలిశాక నమ్మడం వేరు.

సెప్టెంబర్ 28, ఆదివారం

49,000. బతుకమ్మ పాటలు మైకులో ఎనిమిదింటి నుంచి. ఏ ఒక్క వాక్యమూ ముందుకు పోలేదు కానీ, ఒక సీను బయటికి వచ్చింది. కాలేజీ మైదానంలో బతుకమ్మ ఆడుతున్నారు. జూనియర్ అమ్మాయి సంధ్య చెయ్యి పట్టి లాగుతుంది, "రా అక్కా." "మాకు ఈ యేడు పండగ లేదు" అంటుంది సంధ్య. ఆ అమ్మాయి వెంటనే చెయ్యి వదిలేసి, "అయ్యో" అని, తన తంగేడు పూల ప్లేటు పక్కన పెట్టి కాసేపు ఆమెతో కూర్చుంటుంది. నవల మొత్తంలో సంధ్య దుఃఖాన్ని ఎవరూ జబ్బు అనుకోని చోటు ఇదొక్కటే. ఆచారానికి ఆ మర్యాద ఉంది.

డాక్టరమ్మను అడిగాను, దుఃఖం ఎన్నాళ్లుంటే జబ్బు అంటారని. 2022 నుంచి పుస్తకాల్లోకి ఎక్కిందట, తగ్గకుండా లాగే దుఃఖాన్ని ఒక రుగ్మతగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలలు దాటాలి, అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలో పెద్దవాళ్లకు పన్నెండు నెలలు. ఊరికే నెలలు దాటితే చాలదు, రోజు గడవనంతగా ఉండాలి, వాళ్ల ఆచారంలో మామూలు అనుకునేదానికి మించి ఉండాలి. పన్నెండు నెలలు వినగానే నాకు ఏడాది మాసికం తట్టింది. మనవాళ్లు పండగ మానేసేది కూడా అప్పటిదాకే. ఆమెతో అంటే, "ఏడాది మాసికం మర్నాడు దుఃఖం బస్సెక్కి పోతుందా?" అంది. పోదు. ఆ తేదీ వచ్చిందంటే చుట్టాలు మాత్రం అడగడం మానేస్తారు. నా చివరి అధ్యాయం అందుకే 2024 జూన్ 10న, మాసికం మర్నాడు.

నవంబర్ 9, ఆదివారం

61,350. అయిపోయింది. పొద్దున ఆరుంపావుకు.

ముగింపు గురించి రెండు ముక్కలు. ఆ నంబర్ ఇప్పుడు హుజూరాబాద్‌లో ఒక గోడౌన్ వాచ్‌మన్ దగ్గర ఉంది. కొడుకు కొనిచ్చిన ఫోన్. రోజూ రాత్రి పదింటికి ఎవరో "తిన్నవారా?" అంటున్నారు. ఆయన్ని ఆ మాట అడిగేవాళ్లు ఎవరూ లేరు. మేడారం వారంలో ఒక రాత్రి "తిన్న" అని జవాబిస్తాడు. పొద్దున్నే భయమేసి, ఎవరో ఆడపిల్ల, మనకెందుకని డిలీట్ చేసేస్తాడు. ఖాళీ హాస్టల్లో ఆ జవాబు చూసింది సంధ్య ఒక్కతే. వారం తర్వాత కవితకు చూపించేసరికి అక్కడ మిగిలింది "దిస్ మెసేజ్ వాజ్ డిలీటెడ్" అన్న బూడిదరంగు ముక్క. చివరి అధ్యాయంలో కవిత చేసేది చిన్న పని. తన ఫోన్ తీసి ఆ నంబర్‌కు కాల్ చేస్తుంది. ఐదు నెలలుగా ఎవరూ చేయని పని. సంధ్య చేయలేదు, వేరే గొంతు వినబడుతుందేమోనని.

ఆత్మహత్య ప్రయత్నం ఒకటి పాత ప్లాన్‌లో ఉండేది, తీసేశాను. పక్కగది అమ్మాయి గురించి ఒక పాత మరణం ప్రస్తావన మాత్రం ఉంది, ఎలా అన్నది ఎక్కడా రాయలేదు. చదివేవాళ్లలో పంతొమ్మిదేళ్లవాళ్లు ఉంటారు. కథకు ఆ వివరం ఒక్కసారి కూడా అవసరం పడలేదు. మొదటి పేజీ వెనక 14416, టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ వేస్తున్నా. 24 గంటలూ పలుకుతుంది, తెలుగులోనూ.

ఇంకో పని. ఇన్నేళ్లకు, పాత క్లాస్‌మేట్ల గ్రూపులో వెతికి, ఆ అమ్మాయి నంబర్ పట్టుకున్నా. ఇప్పుడు కరీంనగర్ వైపు బడిలో టీచరట. ఫోన్ చేసే ధైర్యం లేక మెసేజ్ పెట్టాను: నేనెవరో, ఏం అన్నానో, ఏం రాశానో. నీ అల్మారా సంగతి నాలుగో అధ్యాయంలో ఉంది, వద్దంటే తీసేస్తా అని. ఫైలు జత చేశాను. "పంపు" నొక్కాక ఫోన్ బోర్లా పెట్టి బియ్యం ఏరుతూ కూర్చున్నా.

నవంబర్ 23, ఆదివారం

రెండు వారాలకు జవాబొచ్చింది. ఎలా ఉన్నావని లేదు. క్షమించానని లేదు, లేదనీ లేదు. ఇంతే:

"చదివిన. ఉంచుకో. కాని తాళం గోద్రెజ్‌ది కాదు, మా నాయన చౌరస్తాల కొన్న చిన్న ఇత్తడి తాళం. పోయింది మూడు వందలు కాదు, ఎనిమిది వందల యాభై. పరీక్ష ఫీజు పైసలు."

నాలుగో అధ్యాయం తెరిచి గోద్రెజ్ తీసేసి ఇత్తడి అని పెట్టాను. మూడు వందలు అని ఐదు చోట్ల ఉంది. ఐదూ మార్చాను.